రెండు గీతల స్ప్రింగులు

ఆయన్ని అందరూ కమాన్ మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. పదహారో ఏట లారీల షెడ్డులో చేరి, బండి బరువు మోసే కమాన్‌పట్టీలు అరిగితే విప్పడం, కొలిమిలో కాల్చి వంపు తేవడం, మళ్లీ కట్టగట్టి బిగించడం నేర్చుకున్నాడు. తరవాత కమాన్‌పట్టీల చోట చుట్టల స్ప్రింగులు వచ్చాయి, ఆయన సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు, పెళ్లయింది, జుట్టు సగం నెరిసింది. పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

షెడ్డులో రెండు బళ్లు పట్టే చోటు, ఒక లిఫ్టు, గోడకు సైజులవారీగా తగిలించిన రెంచీలు. రేకుల తడికకు అవతల బావమరిది కార్ల వైరింగు పని చేస్తాడు. షెడ్డు వెనకే మూడు గదుల ఇల్లు. వీధివైపు గదిలో భార్య కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలూ, కిటికీ తెరలూ కుడుతుంది. ఒకవైపు మిషను చప్పుడు, ఒకవైపు సుత్తి చప్పుడు. రెండిట్లో ఏది ఆగినా రెండోవాళ్లు తల తిప్పి చూసేవాళ్లు.

మేస్త్రీకి ఒక పట్టుదల ఉండేది. బండిలో ఏ భాగం మార్చినా కంపెనీదే వేయాలి. బజారులో దొరికే రంగురంగుల కిట్లంటే ఆయనకు ఒళ్లుమంట. కంపెనీవాడు తోలి, విరగ్గొట్టి, మళ్లీ చేసి చూసుకున్నాకే పెట్టెలో పెట్టి అమ్ముతాడనీ, మిగతావాళ్లకి ఆ పూచీ లేదనీ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఈ మాటకు కొందరు వెళ్లిపోయేవాళ్లు. ఉన్నవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఉండేవాళ్లు.

ఒక ఉదయం షెడ్డు ముందు ఒక ఎస్‌యూవీ ఆగింది. దిగిన ఆవిడకి నలభై అయిదేళ్లుంటాయి. ఒంటిమీద లేత రంగు పనిబట్టలు, వాటి నిండా మైనం మరకలు. దగ్గరికి రాగానే పొగవాసన వచ్చింది. ఆవిడ తేనెటీగలు పెంచుతుంది. పూతకొచ్చిన తోట ఎక్కడుంటే అక్కడికి తేనెపెట్టెలు తీసుకెళ్లి దింపుతుంది, పూత రాలిపోయాక మరో తోటకి మారుస్తుంది. బావమరిది ఆ రోజే ఆవిడకి తేనె మేడం అని పేరు పెట్టాడు.

“వెనకాల పది పెట్టెలు పెడితే బండి చతికిలబడిపోతోంది మేస్త్రీ గారూ,” అంది ఆవిడ. “తోటల్లోకి వెళ్లే దారులు మీకు తెలుసుగా. ఒక్కో గుంతకి ఒక్కో పట్టు విరుగుతోంది. తేనె కారిపోయి ఈగలు అందులోనే తడిసి చస్తున్నాయి. చావనివి నా మీద కోపం తీర్చుకుంటున్నాయి.”

మేస్త్రీ వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బండి అంచుమీద రెండు చేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదిలాడు. బండి కిందికి దిగి, పైకి లేచి, మళ్లీ దిగి, అప్పుడు ఆగింది.

“షాకబ్జార్లు పోయాయి. స్ప్రింగులు పోలేదు గానీ, అవి మీ బరువుకి చేసినవి కావు.”

“ఇంకో షాపువాళ్లు నాలుగంగుళాలు ఎత్తు లేపే కిట్టు వేస్తామన్నారు.”

“లేపితే ఏమొస్తుంది మేడం? పెట్టెలు ఎక్కించడానికి మీరు నిచ్చెన కొనుక్కోవాలి. మలుపులో బండి ఊగితే అది ఇంకో బాధ.” మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ లేచాడు. “ఇదే బండిలో వెనక ట్రాలీ తగిలించి లాగే రకం ఒకటుంది. చూడ్డానికి ఇలాగే ఉంటుంది. వెనక స్ప్రింగుల కమ్మీ కాస్త లావు. షాకబ్జార్లు గట్టివి. బండి పక్కకి ఒరగకుండా పట్టుకునే అడ్డకమ్మీ ఉంటుందే, అదీ లావుదే. అన్నీ కంపెనీవే. మీ బండికి బోల్టుకి బోల్టు సరిపోతాయి. కొయ్యక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు.”

ఆవిడ ఎక్కువ ఆలోచించలేదు. “మీరు చెప్పినట్టే కానివ్వండి,” అంది.

మేస్త్రీ ఆ మధ్యాహ్నమే కంపెనీ విడిభాగాల దుకాణానికి వెళ్లాడు. కౌంటరు దగ్గర కూర్చునే పెద్దాయనతో ఆయనకు ఇరవయ్యేళ్ల పరిచయం. షాకబ్జార్లు ఉన్నాయి, అడ్డకమ్మీ ఉంది, కీళ్ల దగ్గర వేసే రబ్బరు బుష్‌లు ఉన్నాయి, స్ప్రింగు మాత్రం ఒక్కటే ఉంది. రెండోది వేరే డిపో నుంచి రెండు రోజుల్లో తెప్పిస్తానన్నాడు కౌంటరు పెద్దాయన. అన్నట్టే తెప్పించాడు. అది వానలో తడిసిన గోనెపట్టాలో వచ్చింది, నంబరు అంటించిన కాగితం ఊడిపోయింది. అయినా మేస్త్రీ కంగారు పడలేదు. ఏ స్ప్రింగు ఏ రకానిదో తెలియడానికి కంపెనీవాడు చుట్టమీద పెయింటుతో గీతలు గీస్తాడు. రెండిటినీ నేలమీద పక్కపక్కనే నిలబెట్టి చూసుకున్నాడు. ఎత్తు ఒకటే. దీనికీ రెండు గీతలు, దానికీ రెండు గీతలు. చుట్టల లెక్క కూడా సరిపోయింది. తృప్తిగా తల ఊపి పని మొదలుపెట్టాడు.

ఆ పని ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో బావమరిది తరవాత చాలామందికి చెప్పాడు. బండిని లేపి, చక్రాలు తీసి, ఇరుసు కింద జాకీ ఆనించి, మెల్లగా దించుతూ పాత స్ప్రింగులు బయటికి తీశాడు. కొత్తవి వాటి గాడిలో సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలుపెట్టి తడిమి చూశాడు. షాకబ్జార్లు బిగించాడు, అడ్డకమ్మీ మార్చాడు. బుష్‌ల బోల్టుల్ని గాలిలో ఉండగా బిగించకుండా, బండిని నేలకు దించి, బరువంతా చక్రాలమీద పడ్డాకే బిగించాడు. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి బండి సరిగ్గా కూర్చోదని ఆయనకు తెలుసు. ఈ సంగతి తెలియనివాళ్లే చాలామంది అని కూడా ఆయనకు తెలుసు. సాయంత్రానికి బండి అప్పగించాడు. తేనె మేడం వీధి చివరిదాకా తోలి వచ్చి, “ఇది నా బండేనా?” అని నవ్వింది.

నాలుగో రోజు ఆవిడ నవ్వకుండా వచ్చింది. బండిలో పది పెట్టెలున్నాయి, మూతులకి వలలు బిగించి. లోపల్నుంచి ఒకటే జుమ్ముమనే మోత. బావమరిది తడిక అవతలికి జరిగిపోయాడు.

“మేస్త్రీ గారూ, ఒకసారి వెనక్కొచ్చి చూడండి.”

మేస్త్రీ వెనక్కి వెళ్లి, పదడుగుల దూరంలో నిలబడి చూశాడు. బండి ఎడమవైపుకి ఒరిగి ఉంది. టేపు తీసి చక్రం మధ్యనుంచి పై అంచుదాకా కొలిచాడు. కుడివైపు కంటే ఎడమవైపు రెండు వేళ్ల మందం తక్కువ.

“పెట్టెలు ఒకవైపే పెట్టారా?”

“ఇటు అయిదు, అటు అయిదు. తూకం వేసినట్టే పెట్టాను.”

ఆవిడ ఆ పూట తోటకి వెళ్లక తప్పదు. సాయంత్రం ఖాళీ బండి తెచ్చి వదిలి వెళ్లింది. అప్పుడు మొదలైంది మేస్త్రీకి తికమక. టైర్లలో గాలి చూశాడు, సమానంగానే ఉంది. స్ప్రింగు కింద రబ్బరు నలిగిందేమోనని తీసి చూశాడు, నలగలేదు. బుష్‌ల బోల్టులన్నీ వదులు చేసి, బండిని నాలుగుసార్లు ఊపి, మళ్లీ బిగించాడు. నేల వాలుగా ఉందేమోనని బండిని తిప్పి ఎదురుగా నిలబెట్టాడు. తనమీద తనకే అనుమానం వచ్చి టేపుని ఇంకో టేపుతో కొలిచాడు. చివరికి ఎడమ స్ప్రింగు కుడివైపుకీ, కుడి స్ప్రింగు ఎడమవైపుకీ మార్చి, వెనక ఇసుకబస్తాలు వేసి చూశాడు. ఈసారి బండి కుడివైపుకి ఒరిగింది.

అంటే బండిది కాదు, స్ప్రింగుదే తప్పు. అది తేలాక సంతోషించాలి కదా. మేస్త్రీకి మాత్రం బుర్ర ఇంకా వేడెక్కింది. రెండూ కంపెనీవి, రెండూ కొత్తవి, రెండూ ఒకే రకం. మరి ఒకటి బరువు మోస్తుంటే ఇంకొకటి ఎందుకు కుంగిపోతోంది? కంపెనీ స్ప్రింగు పని చేయకపోవడం ముప్పై ఆరేళ్లలో ఆయన చూడలేదు. రెండిటినీ గోనెసంచిలో వేసుకుని మర్నాడు ఉదయాన్నే దుకాణానికి వెళ్లాడు.

కౌంటరు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని రెండు స్ప్రింగులనీ బల్లమీద పెట్టించాడు. ఒక్క చూపు చూసి అన్నాడు, “మేస్త్రీ, ఇవి జత కాదయ్యా.”

“ఎందుకు కాదు? దీనికీ రెండు గీతలే, దానికీ రెండు గీతలే.”

“గీతలు రెండే. రంగు చూడు.”

“చూశాను. చూసే బిగించాను.”

పెద్దాయన ఒకసారి స్ప్రింగులకేసి, ఒకసారి మేస్త్రీకేసి చూశాడు. “దీనికి రెండూ ఆకుపచ్చ. దానికి ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. డిపోవాడు తేలిక రకం బండిది పంపించాడు. తప్పు మావాళ్లదే. అసలుది తెప్పిస్తాను, ఇది ఇక్కడ వదిలెయ్.”

మేస్త్రీ వంగి చూశాడు. స్ప్రింగుని వెలుతురులోకి తిప్పి చూశాడు. ఆయనకు కనిపించినవి నాలుగు గీతలు, నాలుగూ ఒకే మట్టి రంగు. ఒకటి కాస్త మసిబారినట్టుంది, అంతే. ఇరవయ్యేళ్ల పరిచయం ఉన్న మనిషి తనతో వేళాకోళం ఆడడు. అలాగని కళ్లముందున్నది అబద్ధం ఎలా అవుతుంది? డిపో తప్పు కప్పిపుచ్చడానికి ఏదో కథ అల్లుతున్నాడేమో అనుకుందామంటే, తప్పు మాదేనని ఆయనే ఒప్పుకుంటున్నాడాయె. మేస్త్రీ రెండు స్ప్రింగులూ మళ్లీ సంచిలో వేసుకుని, “రేపు చెప్తా,” అని బయటికి నడిచాడు. వెనకనుంచి పెద్దాయన పిలుస్తూనే ఉన్నాడు.

షెడ్డుకి వచ్చి స్ప్రింగులు నేలమీద పెట్టి బావమరిదిని పిలిచాడు.

“ఒరే, ఈ గీతలు ఏ రంగో చెప్పు.”

“ఎందుకు బావా?”

“చెప్పమన్నానా.”

“ఇది ఆకుపచ్చ, ఇదీ ఆకుపచ్చ. ఇటు ఆకుపచ్చ, ఇది ఎరుపు.”

“నిజం చెప్పు. ఆ కౌంటరాయన నీకు ఫోన్ చేశాడా?”

బావమరిది నవ్వబోయి, మేస్త్రీ మొహం చూసి ఆగిపోయాడు. “ఎవరూ చేయలేదు బావా. నీకు కనపడట్లేదా?”

“కనపడుతున్నాయి రా. నాలుగూ కనపడుతున్నాయి.”

బావమరిది తడిక అవతలికి వెళ్లి, గుప్పెడు వైరు ముక్కలు తెచ్చి ఆయన ముందు పోశాడు. ఎర్రవన్నీ ఒక పక్కకి, పచ్చవన్నీ ఒక పక్కకి తీయమన్నాడు. మేస్త్రీ తీశాడు. ఎరుపూ పచ్చా కలిసిపోయిన ఆ రెండు కుప్పల్నీ చూసి బావమరిది తల గోక్కున్నాడు.

“వైర్లన్నీ ఒకేలా ఉంటాయి, నాకు తలనొప్పి, నువ్వే చూసుకో అని నన్ను ఇక్కడికి తెచ్చుకున్నావు కదా బావా. అది జోకనుకున్నాను ఇన్నాళ్లూ.”

“నేనెప్పుడు జోకులేశానురా?”

కుట్టుమిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంగతి విని లోపలికి వెళ్లి, దారం ఉండల డబ్బా పట్టుకొచ్చింది. ఒక్కొక్కటీ తీసి చూపించింది. నీలం చెప్పాడు. పసుపు చెప్పాడు. తెలుపు, నలుపు చెప్పాడు. తరవాత మూడు ఉండలు వరసగా పెట్టింది. మూడూ ఒకటేనన్నాడు. ఆవిడ వాటివైపే చూస్తూ కూర్చుంది. ఒకటి ముదురు ఎరుపు, ఒకటి గోధుమ, ఒకటి పాచి రంగు.

ఆవిడకి పెళ్లయిన కొత్త గుర్తొచ్చింది. పచ్చ తెరలకి దారం తెమ్మంటే ఎర్రది తెచ్చేవాడు. మార్చుకు రమ్మంటే మళ్లీ ఎర్రదే తెచ్చేవాడు. పని ఎగ్గొట్టడానికి కావాలనే చేస్తున్నాడని ఆవిడ నమ్మకం. తన అక్క ముందు, తమ్ముడి ముందు, వచ్చే పోయే వాళ్లందరి ముందు అదే చెప్పి నవ్వించేది, కోపం వచ్చిన రోజు దెప్పేది. ఆఖరికి దారం తనే తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

“మరి ఒక్కసారైనా చెప్పొచ్చు కదండీ, తెలియట్లేదని.”

“తెలియట్లేదని తెలిస్తే కదే చెప్పడానికి. నువ్వు చూపించిన ముక్కకి సరిపోయేదే తెచ్చాను. అది కాదని నువ్వు తిడితే, మా ఆవిడకి ఏదో ఒకటి అనడం అలవాటనుకున్నాను.”

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తోచలేదు. ఉండలన్నీ డబ్బాలో వేసి, “రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం,” అని మాత్రం అంది.

కళ్ల డాక్టరు చిన్న వయసావిడ. రంగు చుక్కలతో నిండిన బొమ్మల పుస్తకం తెరిచి, ఏ అంకె కనిపిస్తోందో చెప్పమంది. మొదటి పేజీలో పన్నెండు అన్నాడు, సరైనదే. ఇంకో పేజీ తిప్పితే ఇరవై ఒకటి అన్నాడు. పక్కనున్న భార్య ఉలిక్కిపడింది. ఆవిడకి అక్కడ డెబ్బై నాలుగు స్పష్టంగా కనిపిస్తోంది. మరో పేజీలో ఆయనకు ఏ అంకే కనపడలేదు. భార్యకి కనపడింది.

“పుట్టుకతో వచ్చిందే,” అంది డాక్టరు. “ఎరుపు, ఆకుపచ్చ కొన్ని చాయల్లో మీకు కలిసిపోతాయి.”

“మందుందా అమ్మా?”

“లేదండీ.”

“ముదురుతుందా?”

“ముదరదు. ఇన్నాళ్లూ ఎలా ఉందో ఇకమీదా అలాగే ఉంటుంది. కంగారు పడాల్సిందేం లేదు.”

ఆ మాట వింటే మిగతావాళ్లయితే ఊపిరి పీల్చుకునేవాళ్లు. మేస్త్రీకి మాత్రం మింగుడు పడలేదు. ఉన్న అంకె కనపడలేదంటే చూపు తక్కువ అనుకోవచ్చు. కానీ డెబ్బై నాలుగు ఉన్నచోట ఇరవై ఒకటి ఎక్కడినుంచి వచ్చింది? అది ఆయన కళ్లారా చూశాడు. దాని ఒంపులు కూడా చూశాడు. ఇంటికి వచ్చే దారిలో కూడలి దగ్గర దీపం మారేదాకా నిలబడ్డారు. పై దీపం వెలిగితే ఆగాలి, కింది దీపం వెలిగితే వెళ్లాలి అని చిన్నప్పుడు నేర్చుకున్నాడు. పైదాన్ని అందరూ ఎరుపంటే తనూ ఎరుపన్నాడు. అదేమిటో చూసి అన్నాడా, విని అన్నాడా అన్నది ఇప్పుడు తేల్చుకోలేకపోయాడు.

వారం పది రోజులు ఆయన అదో రకంగా ఉన్నాడు. అన్నిటినీ అడిగేవాడు. ఈ తలుపేం రంగు, నా చొక్కా ఏం రంగు, ఆ ఎదురింటి గోడ ఏం రంగు. చెబితే తల ఊపి, మళ్లీ కాసేపటికి అదే అడిగేవాడు. తన చిన్నతనం అంతా ఎవరో వెనకనుంచి మార్చేసినట్టుండేది. ఒక మధ్యాహ్నం భార్యని పిలిచి, “నీ పెళ్లి బట్టలేం రంగు?” అన్నాడు. ఆవిడ చెప్పింది. “ఆహా, బావున్నాయి,” అన్నాడు. ఆవిడ వెళ్లి మిషను ముందు కూర్చుంది. కాసేపు మిషను తిరగలేదు.

అసలైన స్ప్రింగు వచ్చింది. బావమరిది చూశాడు, కౌంటరు పెద్దాయన చూశాడు, కమ్మీ మందం కొలిచే పనిముట్టుతో మేస్త్రీ స్వయంగా కొలుచుకున్నాడు. వెనక్కి ఇచ్చేసిన దానికీ దీనికీ తేడా వెంట్రుకవాసి కంటే కాస్త ఎక్కువ. అది ముందే కొలిచి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఎందుకు కొలవలేదంటే కళ్లు ఉన్నాయి కదా అనుకున్నాడు.

తేనె మేడం బండి కోసం వచ్చినప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. డిపో తప్పు అంటే సరిపోయేది, అది నిజం కూడా. మేస్త్రీ కాసేపు నీళ్లు నమిలి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“గీతల రంగు తేడా నాకు తెలియలేదు మేడం. డిపోవాడు పంపింది తప్పే. పట్టుకోవాల్సింది నేను. పట్టుకోలేదు. ఇకమీద మీరు వేరేవాళ్ల దగ్గరికి వెళ్తానంటే నేనేమీ అనుకోను.”

ఆవిడ స్ప్రింగువైపు వంగి చూసింది. “నా ఈగలకి ఎరుపు తెలియదు మేస్త్రీ గారూ. వాటికది చీకటిలాగే ఉంటుందట. ఎర్ర డబ్బా పెట్టినా, నల్ల డబ్బా పెట్టినా వాటికి ఒకటే.”

“మరి పూలెలా వెతుక్కుంటాయి?”

“మనకి కనపడని రంగు ఒకటి వాటికి కనపడుతుంది.”

మేస్త్రీ ఆలోచించాడు. “నాకలాంటిదేమీ కనపడట్లేదు మేడం,” అన్నాడు.

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు, నిజంగానే చుట్టూ చూస్తున్నాడు. ఆవిడే పక్కన కూర్చుని గీతల రంగులు పైకి చదివింది, ఆయన బిగించాడు. ఇసుకబస్తాలు వేసి కొలిస్తే రెండువైపులా ఒకటే వచ్చింది.

బండి సరయింది గానీ మేస్త్రీకి ఇంకో బెంగ పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎన్ని బళ్లకి గీతలు చూసి స్ప్రింగులు వేశాడు? ఎవరి బండి ఎక్కడ ఒరిగి తిరుగుతోందో? చాలామటుకు నంబరు కాగితాలతో వచ్చినవే. కానీ కాగితం లేకుండా వేసినవి కొన్ని ఉన్నాయి. తెలిసినంతవరకు గుర్తుచేసుకుని పందొమ్మిదిమందికి ఫోన్లు చేశాడు. ఒకసారి బండి తీసుకురండి, ఊరికే చూస్తాను అన్నాడు. ఊరికే చూస్తానన్న మెకానిక్‌ని జనం నమ్మలేదు. ఎందుకు, ఏమైంది అని గుచ్చిగుచ్చి అడిగారు. ఆయన చెప్పాడు. కొందరు ఓదార్చారు, ఒకాయన ఫోన్ పెట్టేశాడు, చాలామంది వచ్చారు. బావమరిది ప్రతి బండి కిందికీ టార్చిలైటు పట్టుకుని దూరి రంగులు అరిచి చెప్పేవాడు.

పద్దెనిమిది బళ్లు సరిగ్గానే ఉన్నాయి. పందొమ్మిదోది డ్రైవింగ్ స్కూలాయనది. భారీ మనిషి. ముందు స్ప్రింగుల్లో, ఆయన కూర్చునే వైపుది తేలిక రకం. నాలుగేళ్లుగా బండి అటే ఒరిగి తిరుగుతోంది.

“నావల్లే ఒరుగుతోందనుకున్నాను మేస్త్రీ,” అన్నాడు ఆయన మెల్లగా. “మా ఆవిడ సన్నబడమని ఒకటే పోరు. పొద్దున్నే నడక పెట్టించింది. రాత్రి అన్నం మాన్పించింది. పదకొండు కిలోలు తగ్గాను. బండి మాత్రం లేవలేదు.”

మేస్త్రీకి తల ఎత్తి ఆయన్ని చూడటానికి ధైర్యం చాలలేదు. డ్రైవింగ్ స్కూలాయన కాసేపు తన పొట్టమీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. కోప్పడాలో, థాంక్స్ చెప్పాలో ఆయనకు తెలిసినట్టు లేదు. “సరే, మార్చెయ్. ఇంట్లో మాత్రం చెప్పకు,” అని మాత్రం అన్నాడు.

ఆ తరవాత నెలన్నరకి తేనె మేడం ఫోన్ చేసి, “రేపు పొద్దున్నే పెట్టెలు మారుస్తున్నాను, మీరూ రండి, బండి ఎలా వెళ్తోందో చూద్దురు గాని,” అంది. తెల్లవారుతుండగా బయల్దేరారు. వెనక పది పెట్టెలు. ఊరు దాటి మట్టిదారిలోకి దిగాక మొదటి గుంత వచ్చింది. మేస్త్రీ తెలియకుండానే తలుపు పిడి పట్టుకున్నాడు. బండి కిందికి దిగి, పైకి లేచి, అక్కడే ఆగింది. వెనక మోత మారలేదు. రెండో గుంత, మూడో గుంత అలాగే దాటాయి.

అప్పుడు ఆయనకు చప్పుడు వినిపించింది. టిక్. మళ్లీ గుంత రాగానే, టిక్. ఎడమవైపు, ముందు ఎక్కడో.

“మీకు వినపడుతోందా మేడం?”

“ఏమిటి?”

“టిక్కుమంటోంది.”

ఆవిడ కాసేపు చెవి పెట్టి విన్నది. “నాకేం వినపడట్లేదండీ. ఈగల మోతే వినపడుతోంది.”

ఇదివరకైతే మేస్త్రీ వెంటనే బండి ఆపమనేవాడు. ఇప్పుడు ఆయన రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకుని, అది ఉందో లేదో తేల్చుకోలేక కూర్చున్నాడు. డెబ్బై నాలుగు ఉన్నచోట ఇరవై ఒకటి చూసినవాడికి లేని చప్పుడు వినపడదని ఏముంది? టిక్. ఇంకో అర మైలు వెళ్లారు. టిక్.

“ఒకసారి ఆపుతారా?” అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా.

ఆవిడ ఆపింది. మేస్త్రీ దిగి, వంగి, ఎడమ చక్రం వెనక చెయ్యిపెట్టి తడిమాడు. బోల్టులన్నీ గట్టిగా ఉన్నాయి. అడ్డకమ్మీ కదల్లేదు. లేచి నిలబడి బండి అంచు నొక్కి వదిలాడు. టిక్. తలుపు తెరిచి చూశాడు. తలుపు అరలో, ఆవిడ పట్లు విడదీసే ఇనుప బద్ద ఒకటి, నీళ్ల సీసాకి ఆనుకుని ఉంది. దాన్ని బయటికి తీసి, బండిని మళ్లీ నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాడు. లేదు.

ఆయన ఆ ఇనుప బద్దని చేతిలో పట్టుకుని దారిమీద కాసేపు నిలబడ్డాడు. తరవాత జేబులోంచి గుడ్డ తీసి, దాన్ని నాలుగు చుట్లు చుట్టి, అరలో పెట్టి, ఎక్కి కూర్చుని తలుపు వేశాడు.

“దొరికిందా?” అంది ఆవిడ.

“చప్పుడు నిజంగానే ఉంది మేడం,” అన్నాడు మేస్త్రీ. “పోనివ్వండి.”